దేవుని సొమ్మునకు లెక్క అడిగిన మంత్రి : పానగల్ రాజా

మదరాసు నగరమున త్యాగరాయనగరమునకు పోయివచ్చిన తెలుగువారందరికిని పానగల్ పార్కు తెలియును. దాని చుట్టుపట్ల నున్న పట్టుచీరల అంగళ్లకు పోవు మన స్త్రీలకు మరింత బాగుగా తెలియును. ఆ పేరు ఎవరిదని అడిగినచో మాత్రము, ఎవరో యొక జమీందారుదని చెప్పి ఊరకుండువారే ఎక్కువ. కొంత చరిత్ర చదివినవారు ఆయన జస్టిస్ పార్టీ నాయకుడనియు, 1921 మొదలు 1926 వరకు మదరాసు ప్రెసిడెన్సీకి ముఖ్యమంత్రిగా నుండెననియు చెప్పుదురు. అదియు నిజమే. కాని ఆయన చేసిన పనులలో నేటికిని మన దేవాలయముల కార్యాలయములందు ప్రతిదినము కానవచ్చునది వేరొకటి కలదు. దేవునిపేర ప్రజలిచ్చిన భూమి, సొమ్ము, నగలు ఏమగుచున్నవో అడుగుటకును, లెక్క చెప్పనివారిని తొలగించుటకును ఒక అధికార సంస్థ ఉండవలెనని శాసనము చేయించినది ఆయనయే. ఆ పనిని ముఖ్యముగా పెట్టుకొని ఆయన జీవితమును ఇచట వ్రాయుచున్నాను.

పానగంటి రామరాయనింగారు 1866వ సంవత్సరము జూలై 9వ తేదీన శ్రీకాళహస్తిలో వెలమ జమీందారుల కుటుంబమున జన్మించిరి. నాడు కాళహస్తి ఉత్తర ఆర్కాటు జిల్లాలోనిది. చిత్తూరు జిల్లా 1911లో గాని ఏర్పడలేదు. స్వర్ణముఖీ తీరమునందలి ఆ క్షేత్రములో పుట్టినవారు గుడి ఉత్సవమును, గుడి మాన్యమును, గుడి తగవును పుస్తకములలో చదివి తెలిసికొనవలసిన పని లేదు. జమీందారుల బిడ్డలు పెద్ద చదువులకు పోవుట అరుదైన ఆ కాలమున ఆయన మదరాసునకు వచ్చి, తిరువల్లిక్కేణిలో ఉన్నత పాఠశాల చదువు ముగించి, ప్రెసిడెన్సీ కళాశాలలో చేరి 1893లో బి.ఏ., 1899లో ఎం.ఏ. పట్టములను పొందిరి. న్యాయశాస్త్రమును గూడ చదివిరి. సంస్కృత భాషయందు ఆయనకు గట్టి పరిచయము కలదు. ఈ మాటను పాఠకులు జ్ఞాపకముంచుకొన వలెను. తరువాత కాలమున ఆయనను ధర్మవిరోధియని నిందించినవారిలో పలువురకు ఆయన చదివిన సంస్కృతములో సగమైనను రాదు.

చదువు ముగిసిన పిమ్మట జిల్లా బోర్డు పనులలో పాల్గొనిరి. 1912లో దక్షిణదేశ జమీందారుల ప్రతినిధిగా ఇంపీరియల్ శాసనసభకు ఎన్నికై 1915 వరకు సభ్యులుగా నుండిరి. రాజధాని కలకత్తానుండి ఢిల్లీకి మారిన తొలి సంవత్సరములవి. కొత్త నగరమింకను కట్టబడలేదు. ఉత్తరదేశమున ఉద్యోగములు చేయుచున్న తెలుగువారి తరమునకు ముందుతరమువాడుగా ఈ కాళహస్తి పండితుని లెక్కింపవచ్చును. హిందూ సంఘ సంస్కరణమునకు సంబంధించిన శాసనములను, వెనుకబడిన వర్గముల అభివృద్ధిని ఆయన ఆ సభలో సమర్థించిరి. తరువాత సర్ పిట్టి త్యాగరాయ శెట్టిగారును, డాక్టరు టి. ఎమ్. నాయరుగారును స్థాపించిన దక్షిణ భారత లిబరల్ ఫెడరేషనులో, అనగా జస్టిస్ పార్టీలో, చేరిరి.

ఆయన చేపట్టిన కార్యమెంత కష్టమైనదో తెలియవలెనన్న, దానికి నూరేండ్ల వెనుకటి కథ కొంత తెలియవలెను. రాజుల కాలమున దేవాలయ ధర్మకర్తలపై రాజు కన్నుండెడిది. కంపెనీవారు దొరతనమునకు వచ్చిన తరువాత ఆ బాధ్యతను తామే వహించిరి. 1817వ సంవత్సరపు 7వ రెగ్యులేషను ప్రకారము దేవాలయములు, మసీదులు, సత్రములు, వంతెనలు మొదలగు వానికై ఇచ్చిన మాన్యముల ఆదాయము దాతలు కోరిన పనికే వినియోగపడుచున్నదా లేదా యని చూచుట బోర్డ్ ఆఫ్ రెవెన్యూ వారి విధి. వారి క్రింద కలెక్టర్లు ఆ పని చూచుచుండిరి. తిరుమల దేవస్థానమునకు 1821లో బ్రూసు దొర వ్రాసిన నిబంధనావళియే యుండెను. తెల్లదొరలు స్వామివారి కైంకర్యముల పట్టిక తయారుచేయుట నేడు మనకు వింతగా తోచవచ్చును గాని, పని మాత్రము క్రమముగా సాగెను.

ఇది ఇంగ్లండులోని క్రైస్తవ మతప్రచారకులకు నచ్చలేదు. విగ్రహారాధనకు క్రైస్తవ ప్రభుత్వము తోడ్పడుట పాపమని వారు గొప్ప అలజడి చేసిరి. కంపెనీ డైరెక్టర్లు లొంగిపోయిరి. 1840 ప్రాంతమున కలెక్టర్లు దేవాలయముల తాళపుచెవులను ఎవరికో యొకరికి అప్పగించి చేతులు కడుగుకొనిరి. తిరుమల 1843లో హాథీరాంజీ మఠపు మహంతు సేవాదాసుగారి వశమయ్యెను. ఇతరచోట్ల ఊరి పెద్దలు, వంశపారంపర్య ధర్మకర్తలు, మఠాధిపతులు అధికారులైరి. వారిలో ధర్మాత్ములు లేకపోలేదు. కాని అడుగువాడు లేని సొమ్ము ఎంతకాలము నిలుచును? మాన్యములు బంధువుల పేర స్వల్ప కౌళ్లకు పోయెను. నగలకు పట్టికలు లేవు. ధర్మకర్తపై వ్యాజ్యము వచ్చినచో దాని ఖర్చును గుడి సొమ్ములోనుండియే వ్రాసికొనువారుండిరి.

1863లో ప్రభుత్వము వారు 20వ చట్టమును చేసి, తమ పర్యవేక్షణ క్రింద నుండిన దేవాలయములకు స్థానిక కమిటీలను ఏర్పరచిరి. ఆ కమిటీ సభ్యుడు యావజ్జీవము సభ్యుడే. దుష్ప్రవర్తన రుజువైనగాని తొలగింపరాదు; తొలగించుటకును సివిలు కోర్టుకే పోవలెను. వంశపారంపర్య ధర్మకర్తలున్న దేవాలయములపై ఈ కమిటీలకు అధికారమే లేదు. భక్తుడొకడు తన ఊరి గుడిలో దొంగతనము జరుగుచున్నదని ఎరిగినను, వాడు చేయగలిగిన పని ఏమి? కోర్టు అనుమతి తీసికొని, తన డబ్బు వెచ్చించి, వ్యాజ్యము వేయుట. 1908వ సంవత్సరపు సివిలు ప్రొసీజరు కోడు 92వ సెక్షను క్రింద నైనచో అడ్వకేటు జనరలు సమ్మతి గూడ పొందవలెను. ప్రతిపక్షమున గుడి ఖజానాయే యున్నప్పుడు ఇట్టి వ్యాజ్యము నడపగల భక్తుడు ఎచ్చటనో గాని దొరకడు. చట్టమును మార్చవలెనని ఆ మధ్యకాలమున అనేక ప్రయత్నములు జరిగినను, మత విషయములలో జోక్యము కలిగించుకొనరాదను 1858 నాటి విక్టోరియా రాణి ప్రకటనను చూపి భారత ప్రభుత్వము ప్రతి ప్రయత్నమును నిలిపివేయుచుండెను.

మాంటేగు-చెమ్సుఫర్డు సంస్కరణలతో ఈ ముడి వీడెను. ద్వంద్వ ప్రభుత్వమున మంత్రుల వశమైన విషయములలో స్థానిక స్వపరిపాలనము, విద్య, వైద్యములతోపాటు మతధర్మాదాయములు గూడ చేరెను. దొరలు తాకుటకు భయపడిన విషయమును హిందూ మంత్రి తాకవచ్చునన్నమాట. 1920 డిసెంబరులో సుబ్బరాయలు రెడ్డియారుగారి మంత్రివర్గమున రామరాయనింగారు స్థానిక స్వపరిపాలన మంత్రియైరి. రెడ్డియారుగారు అనారోగ్యముచే తప్పుకొనగా 1921 జూలైలో తామే ముఖ్యమంత్రియైరి. పానగల్ రాజాయను బిరుదముతో ప్రసిద్ధులైనది ఈ పదవీకాలముననే, 1926లో కె.సి.ఐ.ఇ. బిరుదము గూడ వచ్చెను.

ఆయన ప్రభుత్వము చేసిన ఇతర కార్యములను వివరముగా చెప్పుటకు ఇది చోటు కాదు. ఉద్యోగములలో అన్ని వర్గములకు భాగముండవలెనను 1921 నాటి ఉత్తరువు, 1924 నాటి స్టాఫ్ సెలక్షన్ బోర్డు, 1926 నాటి ఆంధ్ర విశ్వవిద్యాలయ శాసనము వానిలో ముఖ్యములు. ఆ బోర్డు స్థానముననే 1929లో మదరాసు సర్వీసు కమిషను వచ్చెను. పరీక్షలు వ్రాసి ఉద్యోగమున చేరిన మనవంటివారు ఈ సంగతిని తెలిసికొనుట మంచిది.

హిందూ ధర్మాదాయ బిల్లును రాజాగారు 1922 డిసెంబరులో శాసనసభ ముందుంచిరి. దాని ఏర్పాటు క్లుప్తముగ నిది. ప్రెసిడెన్సీ మొత్తమునకు ప్రభుత్వము నియమించు కమిషనర్ల బోర్డు ఒకటి. దాని క్రింద ఆయా ప్రాంతములకు కమిటీలు. ఇవి 1863 నాటి యావజ్జీవ కమిటీల వంటివి కావు. వంశపారంపర్య ధర్మకర్తలు గల గుడులు ‘మినహాయింపు దేవాలయములు’. అవి కమిటీ చేతిలోనికి రాకున్నను బోర్డు దృష్టినుండి తప్పించుకొనజాలవు. ప్రతి ధర్మకర్తయు ఆదాయ వ్యయములకు లెక్క వ్రాసి చూపవలెను. పరిపాలన చెడినచోట బోర్డు ఒక పథకమును ఏర్పరచవచ్చును. దేవతార్చనకు, ఉత్సవములకు, మరమ్మతులకు పోగా మిగులు సొమ్మున్నచో దానిని సంస్థ ఉద్దేశమునకు విరుద్ధము కాని మత, విద్యా, ధర్మకార్యములకు వెచ్చింపవచ్చును. బోర్డు ఖర్చులకు ఆయా సంస్థలే తమ ఆదాయములో కొద్ది భాగము చెల్లింపవలెను. ఆడిట్ శాఖలలో పనిచేయు మన సభ్యులకు ఇందులో కొత్త యేమియు కనబడదు. నాటి ధర్మకర్తలకు, మఠాధిపతులకు మాత్రము పిడుగు పడినట్లయ్యెను.

ప్రతిఘటన తీవ్రముగ నుండెను. మఠాధిపతులు, ధర్మకర్తలు మహజర్లు పంపిరి. సభలు జరిగెను. 1923 ఎన్నికల తరువాత శాసనసభలో ప్రవేశించిన ఎస్. సత్యమూర్తిగారి వంటి వాగ్ధాటి గలవారు ఎదురు నిలిచిరి. ఆ నవంబరులోనే కట్టమంచి రామలింగారెడ్డిగారు రాజాగారి మంత్రివర్గముపై అవిశ్వాస తీర్మానము తెచ్చిరి. 44 ఓట్లు అనుకూలముగను, 65 ప్రతికూలముగను వచ్చి అది వీగిపోయెను. అది ధర్మాదాయ బిల్లు కొరకు మాత్రమే వచ్చినది కాదు గాని, ఇంటిలోనివారే ఎదురు తిరిగినవేళ రాజాగారు ఈ బిల్లును విడువలేదని చెప్పుటకు పేర్కొనుచున్నాను.

ప్రతిపక్షుల వాదములన్నియు స్వార్థముతో చేసినవని కొట్టివేయుట న్యాయము కాదు. వారిలో దేవుని సొమ్ము తినుటకు అలవాటుపడినవారు కొందరుండిరి. నిజముగ భయపడినవారును ఉండిరి. బోర్డును నియమించునది ప్రభుత్వము. ప్రభుత్వము ఒక పార్టీ చేతిలోనిది. కమిటీలలో చోటు, ధర్మకర్తృత్వము పార్టీవారికి బహుమానములుగా మారవా యని వారు సందేహించిరి. ఆ సందేహము ఆధారము లేనిది కాదు. స్థానిక స్వపరిపాలన మంత్రిగా జిల్లా బోర్డులకు, తాలూకా బోర్డులకు సభ్యులను, అధ్యక్షులను నియమించుటలో రాజాగారు తమ కక్షివారిని మరువలేదని నాడే అనేకులు చెప్పుచుండిరి. ఆయన కార్యదక్షతను మెచ్చిన చరిత్రకారులును ఈ మాటను కాదనలేదు. మినహాయింపు దేవాలయములలో జమీందారుల గుడులు పెక్కు చేరియుండుటను గూడ గమనింపవలెను. జమీందారుల ప్రతినిధిగా రాజకీయములలోనికి వచ్చిన మంత్రి జమీందారులను పూర్తిగా కమిటీల క్రిందకు తేలేదు. కాని వారినిగూడ బోర్డు ముందు లెక్కకు నిలుపుట ఆ కాలమున చిన్న సాహసము కాదని నా అభిప్రాయము.

ఆ సంవత్సరములలోనే దేశమున ఇతరచోట్ల ఏమి జరిగెనో చూచినచో రాజాగారి మార్గపు గుణదోషములు రెండును స్పష్టమగును. 1923లో కేంద్ర శాసనసభవారు ముసల్మాను వక్ఫు చట్టమును చేసి, ముతవల్లీలు తమ లెక్కలను జిల్లా కోర్టునకు సమర్పింపవలెనని విధించిరి. పంజాబులో మహంతుల చేతులలో చిక్కుకొన్న గురుద్వారములను విడిపించుటకై అకాలీలు గొప్ప పోరాటము సాగించిరి. 1921లో నాన్‌కానా సాహెబునందు రక్తము ప్రవహించెను. వేలమంది చెరసాలలకు పోయిరి. తుదకు 1925లో సిక్కు గురుద్వారాల చట్టము వచ్చెను. అందు అధికారము సిక్కులు తామే ఎన్నుకొను సంఘమునకు దక్కెను. మదరాసులో రక్తపాతము లేదు. బిల్లు, సెలెక్టు కమిటీ, సవరణ, ఓటు, ఇంతయే. కాని లెక్క అడుగు అధికారము భక్తులు ఎన్నుకొన్నవారికి గాక ప్రభుత్వము నియమించినవారికి వచ్చెను. పోరాడి సంపాదించినవారికి స్వాతంత్ర్యము దక్కెను. మంత్రి సంపాదించి పెట్టినవారికి ఒక ఇలాకా దక్కెను. పంజాబు పద్ధతి మనదేశమున సాధ్యమై యుండెడిదా? కులభేదములు, సంప్రదాయభేదములు ఇన్నిగల దక్షిణదేశమున ప్రతి గుడికి ఓటర్ల పట్టిక తయారుచేయుటకే తగవు తీరదు. రాజాగారు ఆ కష్టమును ఎరిగియే నియామక పద్ధతిని అవలంబించియుందురని ఊహింపవచ్చును.

బిల్లు మొదటి శాసనసభలో పుట్టి, రెండవ సభ కాలమునకు గాని చట్టము కాలేదు. 1925వ సంవత్సరపు 1వ చట్టముగా వెలువడిన వెంటనే, అది విధిప్రకారము ఆమోదింపబడలేదని ఆక్షేపించుచు ప్రతిపక్షులు దాని చెల్లుబాటును ప్రశ్నించిరి. రాజాగారు వాదములతో కాలము గడపలేదు. చట్టమునంతటిని తిరిగి సభ ముందు పెట్టించి, పాతదానిని రద్దుచేయుచు కొత్త చట్టమును చేయించిరి. అదియే మదరాసు హిందూ ధర్మాదాయ చట్టము, 1926; పుస్తకములలో 1927వ సంవత్సరపు 2వ చట్టము. తలుపు సరిగా కూర్చుండనప్పుడు గొళ్లెముతో పోరాడక, తలుపునే ఊడదీసి మరల బిగించు వడ్రంగి పని వంటిది ఇది.

బోర్డు తొలి అధ్యక్షులుగా హైకోర్టు న్యాయమూర్తిగా పనిచేసి విరమించిన టి. సదాశివయ్యరుగారు నియమింపబడిరి. బ్రాహ్మణేతర పార్టీ నాయకుడు ఒక బ్రాహ్మణ న్యాయమూర్తిని ఆ పీఠమున కూర్చుండబెట్టుట నాటి వాతావరణమున గమనింపదగిన విషయము. పదవులన్నియు కక్షివారికే పోవునని చెప్పినవారికి ఇది కొంత సమాధానము. పూర్తి సమాధానము కాదు.

1926 చివర జరిగిన ఎన్నికలలో స్వరాజ్య పార్టీ వారు ఎక్కువ స్థానములు గెలిచిరి. వారు మంత్రిపదవులు వలదనగా డాక్టరు పి. సుబ్బరాయనుగారి స్వతంత్ర మంత్రివర్గము ఏర్పడెను. డిసెంబరులో రాజాగారు పదవి విడిచి ప్రతిపక్ష నాయకులైరి. పదవి పోయిన తరువాత రెండేండ్లు మాత్రమే జీవించిరి. 1928 డిసెంబరు 16న, అరువది రెండేండ్ల ప్రాయమున, మరణించిరి.

ఆయన చట్టము ఆయనకంటె చాలకాలము జీవించెను. 1928 మొదలు 1946 వరకు దానికి పదిమార్లు సవరణలు జరిగెను. 1935 సవరణచే పరిపాలన చెడిన దేవాలయములను ప్రకటన ద్వారా బోర్డు తన అదుపులోనికి తెచ్చుకొను అధికారము వచ్చెను. అనగా పర్యవేక్షణకై పుట్టిన సంస్థ పరిపాలనలోనికి దిగెను. 1951లో బోర్డును తొలగించి, దాని స్థానమున కమిషనరును, ఆయన క్రింద ప్రభుత్వ శాఖను నెలకొల్పిరి. ఆ చట్టమును శిరూరు మఠాధిపతి ప్రశ్నింపగా 1954లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రసిద్ధము. మతాచారము వేరు, మతసంస్థ ఆస్తి పరిపాలనము వేరు. రెండవదానిని చట్టము క్రమపరచవచ్చును గాని మొదటిదానిని తాకరాదని ఆ తీర్పు సారాంశము. సంస్థల నుండి వసూలుచేయు చందా సేవకు ప్రతిఫలము కాదు, పన్నే యని చెప్పి ఆ సెక్షనును కొట్టివేసిరి. 1922లో ప్రతిపక్షులు చేసిన వాదములలో కొన్నింటికి ఈ విధముగ ముప్పదియేండ్ల తరువాత న్యాయస్థానమున చోటు దొరకెను.

ఆంధ్రదేశమునకు ఈ చట్టమే వారసత్వముగా వచ్చెను. తెలంగాణమున నిజాము కాలపు నిబంధనలు వేరుగ నుండెను. 1966లో ఆంధ్రప్రదేశ్ ధర్మసంస్థలు, హిందూ మతసంస్థల చట్టము రెండు ప్రాంతములను ఒకటిచేసెను. సత్రముల వంటి ధర్మసంస్థలును దాని పరిధిలోనికి వచ్చెను. జస్టిస్ చల్లా కొండయ్య కమిషను నివేదిక తరువాత 1987లో మరియొక చట్టము వచ్చి, రాజాగారు తాకక విడిచిన వంశపారంపర్య ధర్మకర్తృత్వమును తొలగింప పూనుకొనెను.

తిరుమల సంగతి మిగిలినది. రాజాగారు పుట్టిన కాళహస్తికి కూతవేటు దూరముననే యన్నంత దగ్గరనున్న ఆ దేవస్థానమున 1843 మొదలు మహంతులే అధికారులు. ఆయన మరణించిన ఐదవ ఏట, బొబ్బిలి రాజావారు ముఖ్యమంత్రిగా నుండగా, 1933వ సంవత్సరపు 19వ చట్టముగా తిరుమల తిరుపతి దేవస్థానముల చట్టము వెలువడెను. దేవస్థానమునకు ప్రత్యేకముగా ఒక కమిటీని, ప్రభుత్వము నియమించు కమిషనరును ఏర్పరచిరి. తొంబదియేండ్లు మహంతుల వశమున నుండిన తాళపుచెవులు ప్రయాగదాసు మహంతుగారి చేతులనుండి ఆ కమిటీ చేతులలోనికి వచ్చెను.